జొన్నల పాతరలో పెట్రోలు ట్యాంకు

1936 ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు మా ఇంటి ముందరి జొన్నల పాతరలోకి ఇనుప ట్యాంకును దించారు. కర్నూలు నుంచి వచ్చిన మేస్త్రీ చేతికి గడియారం ఉండేది. ట్యాంకు అడుగు ఇసుకకు తగలగానే గంట ఎంతయిందని నేనే అడిగాను. ఎందుకని ఆయన అడిగాడు. రాసుకుంటానన్నాను. ఆయన నవ్వి, చెప్పాడు.

నాకు అన్నీ రాసిపెట్టుకునే అలవాటు. మిషను బళ్ళో ఏడో తరగతి దాకా చదివినప్పుడు పట్టుకున్నది, ఇంకా వదల్లేదు. ఆ కాలపు పుస్తకాలు నాలుగు నా పెట్టెలో ఉన్నాయి. ఈ సంగతి రాద్దామని ఇదివరకు రెండుసార్లు వాటిని తీసి, ముందేసుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు రాసే ఓపిక అంతకన్నా తక్కువ. కానీ మళ్ళీ తీసి మళ్ళీ పెట్టే ఓపిక అసలే లేదు.

పాతరంటే ఏమిటో ఇప్పటివాళ్ళు చాలామంది చూసి ఉండరు. నేలలో తవ్విన గాదె అది. కడవ ఆకారం, మెడ సన్నం, పొట్ట వెడల్పు, అడుగు గుండ్రం. మాది ఎనిమిదడుగుల లోతు, పొట్ట దగ్గర ఆరడుగుల వెడల్పు. గోడలకూ అడుక్కూ ఎండుగడ్డి మందంగా పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, మెడను మట్టితో మెత్తి మూసేవాళ్ళు. ముప్పై బస్తాలు పట్టేది. గాలి తగలదు కాబట్టి పురుగు పట్టదు. మూడేళ్ళకు తీసినా పిండి కొట్టుకుని రొట్టె చేసుకోవచ్చు.

నందికొట్కూరు నుంచి కర్నూలు పోయే రోడ్డు పక్కన, ఊరి చివరి ఇల్లు మాది. నేల గరుసు. గడ్డపార దిగితే నిప్పురవ్వలు లేచేవి. అలాంటి నేలలో ఈ పాతర తవ్వడానికి మా ఆయన తాతగారికి ఒక వేసవి మొత్తం పట్టిందని మా అత్త చెప్పేది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన తర్వాత ఒక కరువు వచ్చిందట. ఆ కరువులో ఈ పాతర జొన్నలతో పద్నాలుగు నెలలు ఏడుగురు బతికారు. అప్పటినుంచి పాతర మూత మీద ఎవరు కాలు పెట్టినా ఆమె ఊరుకునేది కాదు.

కానీ 1934లోనూ 35లోనూ మాకు పంట రాలేదు. పాతర ఖాళీగా ఉంది. అప్పటికి కర్నూలు, ఆత్మకూరు బస్సులు మా ఇంటి ముందరే తిరుగుతున్నాయి. పెట్రోలు కంపెనీ వాళ్ళు ఈ రోడ్డు మీద ఒక పంపు పెట్టాలని చోటు వెతుకుతున్నారు. మా ఆయన వాళ్ళను తీసుకొచ్చి పాతర చూపించాడు. ట్యాంకు పూడ్చడానికి గొయ్యి తవ్వే పని లేదు, మెడ కొంచెం పగలగొడితే చాలు అన్నాడు. మేస్త్రీ లోతు కొలిచి, సరిపోతుందన్నాడు.

మా అత్త మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు కొడుకును పిలిచింది.

"ఆ పంపు ఎన్నాళ్ళుంటాది?"

"ఎన్నాళ్ళని చెప్పల్ల మా? ఉన్నన్నాళ్ళు ఉంటాది."

"పోయిన నాడు నా పాతర నాకు కావాల. నేను బతికుండంగనే కావాల. జొన్నలు పోసి నా చేత్తో మూత మెత్తాల. వేదపుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పు."

మా ఆయన బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. నేను తేదీ రాసుకున్నాను.

ట్యాంకు దించిన రోజున పాతరల పెద్దాయన కూడా వచ్చాడు. మా ఊళ్ళో పాతరలు తవ్వడం, మూయడం, తెరవడం అన్నీ ఆయన పనే. మా చర్చి సంఘంలో పెద్ద. వరసకు నాకు మామ. పాతర తెరవడం మట్టి తీసినంత సులువు కాదు. మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోతుంది. తెరవగానే దిగిన మనిషి పైకి లేవడు. అందుకని మూత తీసి ఒక పగలు, ఒక రాత్రి వదిలేస్తారు. మర్నాడు చిన్న గంపలో దీపం పెట్టి తాడుతో లోపలికి దించుతారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. వెలుగుతూ ఉంటే దిగవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేశాననీ, తన తాడు కింద ఒక్క మనిషీ పోలేదనీ ఆయన అనేవాడు. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన ఛాతీ కొంచెం ముందుకు వచ్చేది.

ఆ రోజు ఆయన పాతర అంచున కూర్చుని, లోపల ఇసుక పోయడం చూసి మేస్త్రీతో అన్నాడు:

"ఏమప్పా, ఆ అడుగు గిన్నె మాదిరి ఉండాది. ఇసక పోస్తే వానలకు కూర్చుంటాది. అడుగున బండలు పరిస్తే మేలు."

"ఇది ఇనుము పెద్దాయనా. జొన్నలు కాదు ఒలికిపోయేదానికి."

"జొన్నలైతే వాటంతట అవే సర్దుకుంటాయి. నీ ఇనుముకు సర్దుకునేది ఎవురు నేర్పిస్తారు?"

కూలీలు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. బండలు మాత్రం పరచలేదు.

మా అత్త గడపలో నిలబడి అడిగింది: "ఆ ఇనుప బానలో ఎన్ని పడతాయప్పా?"

"రెండు వందల గ్యాలన్లవ్వా."

"అది ఎంతమంది తింటారు?"

"తినేదానికి కాదవ్వా, బస్సులు తాగేదానికి."

"అట్లనా. బస్సులకు పాతర, మనుషులకు గంప," అని ఆమె లోపలికి పోయింది.

ట్యాంకు పక్కలకూ పైకీ ఇసుక కప్పి, మెడ దగ్గర ఇటుకలు కట్టి, ఇనుప తలుపు పెట్టారు. రోడ్డు అంచున పంపు నిలబెట్టారు. దానికి పైన రెండు గాజు బుడ్లు. పిడి తోస్తే ఒకటి నిండేది, అది బండిలోకి దిగుతుంటే రెండోది నిండేది. పక్కన రేకు బోర్డు: నిప్పు, బీడీ, చుట్ట దగ్గరికి తేరాదని తెలుగులోనూ ఉర్దూలోనూ. మా అత్త చుట్ట తాగేది. బోర్డు పెట్టిన రోజునుంచి పెరటివైపు పోయి తాగింది. రోజూ సాయంత్రం చుట్టతో పాటు కొడుకును తిట్టడానికి కూడా అక్కడికే పోయేది.

ట్యాంకు కొలత నా పని. మా ఆయనకు ఇంగ్లీషు అంకెలు సరిగా రావు. పొద్దున ఆరు గంటలకు, మొదటి బస్సు రాకముందే, ఇత్తడి మూత విప్పి కొలకర్రను ట్యాంకులోకి అడుగు తగిలేదాకా దించేదాన్ని. కర్రకు ముందుగా సుద్ద రాస్తే పెట్రోలు తడిసినంత మేర గీత పడుతుంది. అక్కడ ఎన్ని అంగుళాలో చూసి, కంపెనీ ఇచ్చిన అట్ట మీద ఆ అంగుళాలకు ఎన్ని గ్యాలన్లో చూసి రాసేదాన్ని. నిన్నటి కొలతలోంచి నిన్న బండ్లకు పోసింది తీసేస్తే ఈ పొద్దుటి కొలత రావాలి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే, జూన్, ఐదు నెలలూ అలాగే వచ్చింది. అరగ్యాలన్ అటో ఇటో, అంతే. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. పగలంతా ఇంటిపనిలో దేనికీ ఇదీ సరి అని తేల్చలేం. అక్కడ పొద్దున్నే ఒక అంకె సరిపోయేది.

1936 జూలై 7, మంగళవారం. అంతకుముందు నాలుగు రోజులు వాన. లెక్క ప్రకారం నూట పదహారు గ్యాలన్లు ఉండాలి. కర్ర నూట పన్నెండు చూపించింది. తుడిచి, సుద్ద రాసి, మళ్ళీ దించాను. అదే.

"కర్ర వంకరగ పెట్టింటావు," అన్నాడు మా ఆయన.

"రెండుసార్లూ ఒకే వంకరా?"

నెలాఖరుకు మేస్త్రీ వస్తే పుస్తకం చూపించాను. ఆయన పుస్తకం కూడా సరిగా చూడలేదు. "పెట్రోలు ఎండకు ఆవిరవుతాది తల్లీ. రాసి సరిపెట్టు," అన్నాడు. నేను ఆ పేజీ కింద "ఎండకు 4" అని రాశాను. వాన కురిసిన నాలుగు రోజుల తర్వాత ఎండకు అని రాశాను. అప్పుడు నా చెయ్యి ఆగలేదు.

తర్వాతి నెలలో కూడా ఆ తేడా నాలుగే. ఒక్కోసారి మూడున్నర, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఐదుకు దగ్గర. ఏడాది గడిచినా నాలుగే. ఎండకు పోయేదయితే నెల నెలా పోవాలి, ఏడాదికి పెరగాలి. ఇది ఒక్కసారి పోయి ఆగిపోయింది. అది మా పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. ఆరేళ్ళు రోజూ ఆ నాలుగును కలుపుకుని లెక్క సరిపెట్టాను. సరిపోయింది కాబట్టి దాని గురించి ఆలోచించడం మానేశాను.

యుద్ధం వచ్చింది. పెట్రోలుకు రేషను చీట్లు వచ్చాయి. బస్సులు వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని, పెట్రోలుకు బదులు ఆ బొగ్గు గ్యాసుతో తిరగడం మొదలుపెట్టాయి. మా పంపు దగ్గర ఆగేవి తగ్గి, తగ్గి, చివరికి వారానికి ఒకటి. నా పుస్తకంలో చివరి కొలత 1942 ఏప్రిల్ 30, గురువారం. కర్ర పొడిగా వచ్చింది. సున్నా అని రాసి కింద గీత గీశాను.

కంపెనీ వాళ్ళు వచ్చి పంపు విప్పుకుపోయారు. రేకు బోర్డు కూడా తీసుకుపోయారు. ట్యాంకును తవ్వి తీయడం తమకు గిట్టదని, అలాగే ఉంచుకోమని చెప్పారు. కొలకర్రను ఎవరూ అడగలేదు. అది మా అటక మీద ఉండిపోయింది.

ఆ రోజునుంచి మా అత్త అడగడం మొదలుపెట్టింది. పంపు పోయింది, నా పాతర ఏది? మా ఆయన ఈ నెల, వచ్చే నెల అన్నాడు. ఆ ఏడు పంట లేదు, కాబట్టి ఆమె మాటకు బలం లేకపోయింది. తర్వాతి ఏడూ అంతే; కొలత బియ్యం కోసం ఊరంతా వరసలో నిలబడిన కాలం. 1944లో దేవుడు కరుణించాడు. ఫిబ్రవరి ఆఖరుకు ముప్పై ఒక్క బస్తాల జొన్నలు ఇంటికి వచ్చాయి. ఇంట్లో గంపల్లో, బానల్లో, చివరికి నా పెండ్లి పెట్టెలో కూడా పోశాం. ఏప్రిల్ నాటికే ఎలుకలు మరిగాయి. మొదటి వాన పడి గాలికి చెమ్మ వస్తే పురుగు పడుతుందని అందరికీ తెలుసు. మా అత్తకు అప్పటికి డెబ్బై దాటాయి. పొద్దున లేచి ఆకాశం చూసేది, తర్వాత కొడుకును చూసేది.

"వానలోపల జొన్నలు పాతరలో పడాల. ల్యాకపోతే నన్ను ఆ గుంతలో పూడ్చి మూత మెత్తు. ఏదో ఒకటి దాంట్లో పడాల గదా."

మా ఆయన పాతరల పెద్దాయనను పిలిచాడు. అప్పటికి ఆయనకు అరవై నాలుగు. పాతర చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇటుకల మెడను కాలితో తన్ని, "దీన్ని కట్టినోడు దీంట్ల ఒక్క దినం కూడా తినల్యా," అన్నాడు.

మే 13, శనివారం పని మొదలైంది. ఇటుకలు తీసేశారు, ట్యాంకు పైనున్న ఇసుక తోడారు. ఆదివారం గుడి, పని లేదు. సోమవారం సాయంత్రానికి ట్యాంకు భుజాల దాకా ఇసుక పోయింది. ఒక పక్కన మనిషి నిలబడేటంత సందు అడుగు దాకా పడింది. మర్నాడు ఆయన ఆ సందులోకి దిగి, అడుగు నుంచి మోకు చుట్టి పైకి అందివ్వాలి. ఎద్దులతో లాగించాలి. ఇదీ ఏర్పాటు.

సోమవారం పని దిగేముందు ఆయన నన్ను అడిగాడు:

"కోడలమ్మా, దీంట్ల ఏమన్నా ఉండాదా? నూనె గీనె?"

"రెండేళ్ళ కిందనే అయిపోయింది మామా. సున్నా రాసినా."

"రాసింది కాదు, ఇప్పుడు సూడు. నీ కర్ర ఉండాది గదా."

అటక మీది నుంచి కర్ర తెచ్చాను. సుద్ద రాశాను. మూత విప్పి అడుగు తగిలేదాకా దించాను. తీస్తే సుద్ద తెల్లగానే ఉంది. ఆయనకు చూపించాను.

"చుక్క ల్యా."

"శానా మంచిది. ఆ మూత బిగించొద్దు. తీసే ఉంచు. లోపలుండే చెడ్డ గాలి పోవాల గదా. పాతరకైనా, ఈ బానకైనా అంతే."

నాకూ అది సబబుగానే తోచింది. మూతను పక్కన ఇటుక మీద పెట్టాను. తెరిచిన ట్యాంకు, దాని చుట్టూ తెరిచిన గొయ్యి, మే నెల వేడి. పెట్రోలు వాసన వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఆ ముంగిట్లో ఆ వాసనే. మా ముక్కులు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి.

మే 16, మంగళవారం. మా ఆయన ఎద్దుల కోసం పక్క ఊరికి పోయాడు. పాతరల పెద్దాయన పొద్దున్నే వచ్చి, రాగి సంగటి తిని, చేతులు కడుక్కుని, తన గంప తీశాడు. బిందె మూతంత వెడల్పు, నాలుగు తాళ్ళు కట్టినది. అందులో మట్టి ప్రమిద.

"ఆముదం పొయ్యి కోడలమ్మా."

పోశాను. ఒత్తి నేనే వేశాను. పొయ్యిలోంచి పుల్ల తెచ్చి వెలిగించింది కూడా నేనే. మా అత్త అరుగు మీద కూర్చుని అన్నది:

"ఏమప్పా, ఇనుప బానకు కూడా దీపం పెడతావా? హారతి ఇస్తాండావా ఏం?"

"దిగేది నేను వదినా, నువ్వు కాదు. నా గాలి నేను సూసుకోవాల్నా, వద్దా?"

"సూసుకో, సూసుకో. నా జొన్నలు పడేదాకా నువ్వు సావకూడదు."

ఆయన నవ్వుతూనే పాతర అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి, తాడు వదలడం మొదలుపెట్టాడు. దీపం ఎలా ఉందో చూడాలంటే వంగాల్సిందే. నేను నాలుగు అడుగుల వెనక ఉన్నాను. గంప సగం లోతుకు పోయి ఉంటుంది.

చప్పుడు ఎక్కువ రాలేదు. పెద్ద దుప్పటి దులిపినట్టు ఒకసారి, తర్వాత ట్యాంకులోంచి గంట కొట్టినట్టు ఒకసారి. మంట గొయ్యిలోంచి లేచి మనిషి ఎత్తు నిలబడి అంతలోనే పోయింది. ఆయన వెనక్కి పడ్డాడు. తలపాగ కాలుతోంది. నా చీర కొంగుతో అదిమాను. మా అత్త అరుగు దిగి కడివెడు నీళ్ళు తెచ్చి పోసింది. ఆ వయసులో ఆ కడవ ఎలా ఎత్తిందో ఇప్పటికీ నాకు తెలియదు. తర్వాత ఇంట్లోకి పోయి గోడ గడియారం చూశాను. ఎనిమిదీ నలభై. చూసినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. కానీ చూశాను, రాసుకున్నాను.

ఎద్దుల బండి మీద బస్సు ఆగే చోటికి, బొగ్గు బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆ బస్సు రెండుచోట్ల ఆగింది, కుంపటి ఊదడానికి. కండక్టరు కుంపటి దగ్గర నిప్పు కదిలిస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. పెద్దాయన నా పక్కన పండుకుని ఉన్నాడు. ముఖం మీద తడిగుడ్డ.

తొమ్మిదో రోజు డాక్టరు కట్లు విప్పి చూసి మళ్ళీ కట్టాడు. రెండు కళ్ళూ పోయాయని మా ఆయనను బయటికి పిలిచి చెప్పాడు. లోపలికి వచ్చేసరికి పెద్దాయనే అడిగాడు.

"ఏమంటాడప్పా డాక్టరు? రెండూనా, ఒకటన్నా మిగిలిందా?"

మా ఆయన మాట్లాడలేదు.

"రెండూనే అన్న మాట. ఊకుంటివంటే అంతే గదా."

నేను మంచం పక్కన కూర్చుని, కర్ర పొడిగానే వచ్చింది మామా, అన్నాను. తొమ్మిది రోజులుగా నోట్లో ఉన్న మాట అది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆయనకే చెప్పాను.

ఆయన అన్నాడు: "దీపం ఆర్ల్యా గదా కోడలమ్మా. ఆరితే గాలి చెడ్డది. ఆర్ల్యా." అని నవ్వబోయాడు. పెదాలు పగిలి రక్తం వచ్చింది. తుడిచాను. తర్వాత మళ్ళీ అన్నాడు, ఈసారి నవ్వు లేకుండా: "తాడు కింద ఎవురూ పోల్యా. అది మాత్రం నిజం. నేను పైన్నే ఉన్న్యా."

జూన్ 6న కర్నూలు మేస్త్రీ వచ్చాడు. గొయ్యి మూడు వారాలు తెరిచే ఉంది. దాని దరిదాపులకు ఎవరినీ పొయ్యి పుల్లతో కూడా రానీయలేదు. ఆయన ట్యాంకు నిండా నీళ్ళు పోయించి, పొర్లించి, మళ్ళీ పోయించి, అప్పుడు మోకు కట్టి లాగించాడు. నీళ్ళు పోయకముందు మాత్రం, మా ఆయన అడగగా, గొట్టాన్ని మూత రంధ్రంలోంచి అవతలి చివర అడుగుదాకా తోసి తోడి చూశాడు. రెండేళ్ళలో ఆవిరైపోగా, మండిపోగా గ్యాలన్ మీద పావు మిగిలి ఉంది. నా కళ్ళముందర కొలిచాడు.

"ఒరిగి ఉండాది తల్లీ. అడుగున ఇసక ఒక పక్కకు కూర్చుంది. నువ్వు కర్ర దించేది ఎత్తు పక్క. నూనె ఉండేది పల్లం పక్క."

"ఎప్పుడు ఒరిగింటాది?"

"మొదటి వానలకే ఒరిగింటాది."

పుస్తకం తెచ్చి జూలై 7 పేజీ తెరిచాను. నూట పదహారు, నూట పన్నెండు. ఎండకు 4. ఆయనకు చూపించలేదు. చూపించి ఏం లాభం? ఆయనకు గుర్తుండదు. బండలు పరచమని పెద్దాయన అన్నదీ ఆయనకు గుర్తులేదు, అడిగాను.

ట్యాంకు పోయింది. పాతర మిగిలింది. వానలు ఇంకా రాలేదు. మా అత్త పెట్రోలు వాసన పోవాలని నాలుగు గంపల గడ్డి పాతరలో వేయించి, తడిపి, తీయించింది. పేడనీళ్ళతో రెండుసార్లు, సున్నంతో ఒకసారి గోడలు అలికించింది. దిగి అలికినవాళ్ళు దీపం లేకుండానే, ఒక కోడిని గంపలో దించి చూసి దిగారు. నేను ఒక సేరు జొన్నలు గుడ్డలో కట్టి, ఎండుగడ్డిలో చుట్టి, అడుగున పెట్టించి, పైన పలకలూ మట్టీ వేయించాను. పది రోజులు. జూన్ 24, శనివారం తీశాం.

గుడ్డ విప్పగానే వాసన. బర్రె ముందర పిడికెడు పోస్తే మూతి తిప్పుకుంది. మా అత్త ఆ జొన్నలు తీసుకుపోయి, తిరగలిలో విసిరి, ఒక రొట్టె కాల్చుకుని వచ్చి మా ఎదురుగా కూర్చుంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

"బాగనే ఉండాది," అన్నది.

"మింగు మా," అన్నాడు మా ఆయన.

ఆమె మింగలేకపోయింది. లేచి గోడ వారకు పోయి ఉమ్మి, అక్కడే ముఖం అటు తిప్పుకుని నిలబడింది. నేను నీళ్ళ చెంబు తీసుకుపోయి ఇచ్చాను. తీసుకుని నోరు పుక్కిలించింది గానీ నావైపు చూడలేదు. జూన్ 27న పాతరను రాళ్ళతో, మట్టితో పూడ్చేశాం. ఆ మర్నాడు వాన మొదలైంది.

పాతరల పెద్దాయన మా ఇంటికి పొద్దున్నే ఊతకర్ర పట్టుకుని వచ్చేవాడు. అరుగు మీద కూర్చునేవాడు. రొట్టె తినేవాడు. ఏ బస్సు పోతోందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఎక్కువసార్లు సరిగానే చెప్పేవాడు. కుడిచేతి మూడు వేళ్ళు వంగేవి కావు, కాబట్టి రొట్టె నేను తుంచి ఇచ్చేదాన్ని. ఒకసారి, రెండో ఏడు కోతల కాలంలో, ఎవరో పాతర తవ్వాలని అడగడానికి వచ్చి, ఆయనను చూసి, మాట మింగేసి పోయారు. వాళ్ళు రోడ్డెక్కాక ఆయన నన్ను అడిగాడు, "ఎంత లోతు కావాలంట?" అని. చెప్పలేదు మామా, అన్నాను. "తొమ్మిది తవ్వమను. అడుగున బండలు పరచమను," అన్నాడు. నేను లేచి రోడ్డుదాకా పోయి వాళ్ళతో ఆ మాట చెప్పి వచ్చాను.

1947 జనవరి 19, ఆదివారం, గుడి విడిచిన తర్వాత పెద్దాయన పోయాడు. మా అత్త అంతకు ఐదు నెలల ముందే పోయింది. అప్పటికి మా ఆయన రోడ్డు పక్క పూడ్చిన చోట చింతపండు అమ్మేవాళ్ళకు పందిరి వేసి ఇచ్చాడు. వాళ్ళకు కింద ఏముండేదో తెలియదు.

పోయినవి ఇవి.

ముప్పై బస్తాల పాతర ఒకటి.

ఇంట్లో పురుగు పట్టి పారబోసిన జొన్నలు పదకొండు బస్తాలు. ఎలుకలు తిన్నవి ఒకటిన్నర బస్తా.

పరీక్షకు పెట్టిన జొన్నలు ఒక సేరు.

గంప ఒకటి, ప్రమిద ఒకటి, తాడు పన్నెండు అడుగులు, తలపాగ ఒకటి.

మనిషి కళ్ళు రెండు. కుడిచేతి వేళ్ళు మూడు.

మా అత్తకు ఇచ్చిన మాట ఒకటి.

ఎండకు పోయాయని నేను రాసిన నాలుగు గ్యాలన్లు ఈ లెక్కలో లేవు. అవి పోలేదు. 1944 జూన్ 6 సాయంత్రం ఆ పేజీలో ఆ మాట కొట్టేసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను.